పన్నెండో బొమ్మ వెనకవైపు

నా పన్నెండు నీటిరంగుల బొమ్మల్నీ నన్ను అడగకుండా పుస్తకంలోంచి విడదీసి, రెండేసి చొప్పున వీపుకి వీపు జిగురుతో అంటించి, లామినేషన్ చేయించి, పైన శాలువా కప్పి నా చేతిలో పెట్టారు. నేనిచ్చింది పుస్తకం. తిరిగొచ్చినవి ఆరు ప్లాస్టిక్ పలకలు. ఇది తప్పు. సన్మానం అని పేరు పెట్టినంత మాత్రాన తప్పు ఒప్పు అయిపోదు.

ఈ మాట అంటే ఊళ్లో నన్నే వింతగా చూస్తున్నారు. "బొమ్మలు పాడవకుండా సేయించారు కదండీ, ఇంకేటి?" అంటున్నారు. వాళ్లని అనడానికీ లేదు. మా నర్సీపట్నంలో గౌరవం ఉన్న కాయితం ఏదైనా ప్లాస్టిక్కులోకి వెళ్లాల్సిందే. పదో తరగతి సర్టిఫికెట్టు, ఆధార్ కార్డు, దేవుడి పటం, పోయినవాళ్ల ఫొటో. గౌరవం పెరిగేకొద్దీ ప్లాస్టిక్కు మందం పెరుగుతుంది. నా బొమ్మల మీద చాలా మందంగా ఉంది.

వాళ్లకి తెలియని సంగతి ఒకటుంది. ఆ బొమ్మలకి వెనకవైపు కూడా ఉంది.

నేను నలభై ఏళ్లు ఈ ఊళ్లో ఆడవాళ్ల జాకెట్లు కుట్టినవాణ్ణి. బడి ఐదో తరగతితో సరి. మిగతా చదువు బట్టలు చుట్టి తెచ్చే పాత పేపర్లలోనూ, సాయంత్రం పూట లైబ్రరీ బల్ల మీదా చదువుకున్నాను. బొమ్మలు వెయ్యడం ఎవరూ నేర్పలేదు. కానీ రంగులు నాకు తెలుసు. చీర తెచ్చి ముందు పడేసి "దీనికి సరిపోయే దారం సూడండి" అంటే, ఆకుపచ్చలోనే ఏడెనిమిది రీళ్లు పక్కన పెట్టి వెతికిన కళ్లు ఇవి.

పెళ్లిళ్లు ఉన్నన్నాళ్లూ టైలరుకి సెలవుండదు. ఆషాఢంలో ముహూర్తాలుండవు కాబట్టి అప్పుడే మాకు ఖాళీ. మిషను మీద గుడ్డ కప్పేసి, నేనూ మా ఆవిడా ఏడాదికి ఒక రోజు ఎక్కడికో ఒకచోటికి బస్సెక్కేవాళ్లం. అందరూ ఎండాకాలంలోనో చలికాలంలోనో తిరుగుతారు. మేము వానలో తిరిగేవాళ్లం.

మొదట్లో కొన్నేళ్లు ఊరికే వెళ్లి వచ్చేవాళ్లం. ఒకసారి ఇంటికొచ్చాక ఆవిడ అడిగింది, "కిందటేడు కృష్ణదేవిపేటలో ఏటి సూసాం?" అని. నాకు గుర్తొచ్చింది షేరాటోలో నా మోకాలి మీద కూర్చున్న పరాయివాడి సంచి ఒక్కటే. పోయిన రోజు పోయినట్టే ఉంది. ఆ మర్నాడే బస్టాండు దగ్గర కొట్లో రంగు బిళ్లల పెట్టె, ఒక బ్రష్షు, నాలుగు డ్రాయింగు కాయితాలు కొన్నాను.

"ఫోనుంది కదా, ఫొటో తీసుకోవచ్చు కదా" అని సలహా చెప్పిన వాళ్లున్నారు. ఫోన్లో ఫొటో తియ్యడానికి ఒక్క క్షణం చాలు, అందుకని ఆ క్షణం కూడా నిలవదు. బొమ్మ వెయ్యాలంటే ఒకచోట గంటసేపు కదలకుండా కూర్చోవాలి. ఆ గంటలో ఎవరు నడిచి వెళ్లారో, గాలి ఎటు నుంచి వీచిందో, ఏ మేక వచ్చి నా కాయితం వాసన చూసిందో, అన్నీ ఒంటికి పట్టేస్తాయి. ఎక్కడికెళితే అక్కడి నీళ్లతోనే వేసేవాణ్ణి. దగ్గు మందు సీసా మూతలో ఆ చెరువు నీళ్లో ఆ ఏటి నీళ్లో పట్టుకుని బ్రష్షు ముంచేవాణ్ణి.

ఆషాఢం కదా, వాన పడుతూనే ఉండేది. మా ఆవిడ నల్ల గొడుగు పట్టుకుని నా వెనక నిలబడేది. గొడుగు నా మీద కాదు, కాయితం మీద. మేమిద్దరం తడిసేవాళ్లం, బొమ్మ తడిసేది కాదు.

"బేగి వెయ్యండి. బస్సెల్లిపోతాది."

"రంగు ఆరొద్దేటే?"

"ఆరకపోతే బస్సు కిటికీ దగ్గిర పట్టుకుని ఆరబెడతాను. లేవండి ముందు."

నిజంగానే పట్టుకునేది. నర్సీపట్నం వచ్చేదాకా రెండు చేతులతో కాయితం పట్టుకుని కూర్చునేది. పక్కవాళ్లు ఎక్స్‌రే అనుకుని "ఎవురికి బాగోలేదమ్మా?" అని పరామర్శించేవారు.

తాండవ రిజర్వాయరు బొమ్మ మొదటిది. ఇంటికొచ్చి మర్నాడు చూద్దును కదా, దాని వెనక పెన్సిల్‌తో ఆవిడ రాత. ఆవిడ ఏడు దాకా చదువుకుంది, నాకంటే రెండు క్లాసులు ఎక్కువ, ఆ సంగతి తరచుగా గుర్తు చేసేది. "ఈయన వేసిన కొండలు రెండు. నేను లెక్కపెట్టినవి ఐదు. మిగతా మూడూ ఏ లారీలో ఎక్కించారో తెలియదు" అని రాసి ఉంది.

నాకు కోపం వచ్చింది. "కాయితంలో పట్టొద్దా?" అన్నాను.

"పట్టనప్పుడు పట్టలేదని రాయాల. మీరు రాయలేదు కాబట్టి నాను రాసేను."

ఆ రోజు ఆవిడే ఒక నియమం పెట్టింది. బొమ్మ ముందువైపు నాది, వెనకవైపు ఆవిడది. ఆవిడ రాసింది నేను వెంటనే చదవకూడదు. మళ్లీ ఏడాది ఆషాఢంలో, మేమెక్కిన బస్సు కాంప్లెక్సు, అదే మా బస్టాండు, దాటాక, ఆవిడ పుస్తకం నా ఒళ్లో పెట్టి "ఇప్పుడు సదవండి" అంటే చదవాలి. అలా ఏడాదికి ఒక కాయితం చేరుతూ వచ్చింది. ప్రతిసారీ పాత కుట్టు విప్పి, కొత్త కాయితం చేర్చి, నల్లదారంతో మళ్లీ చేత్తో కుట్టేవాణ్ణి. పిల్ల పెరిగేకొద్దీ జాకెట్టు వదులు చేసినట్టు.

రెండో ఏడు కొండకర్ల ఆవ చెరువుకి వెళ్లాం. నేను తామరపూలూ, వాటి మధ్య దోనే వేశాను. వెనక ఏముందంటే, "దోనెలోకి నీళ్లొస్తుంటే చెంబుతో తోడింది నేను. బొమ్మలో దోనె ఖాళీగా ఉంది. ఎవరూ తోడకుండానే తేలుతోంది." ఏటికొప్పాకలో వరాహ నది వేస్తే, "నది నిండుగా వేశారు. చీలమండ దాకా లేదు. నా చీర అంచు కూడా తడవలేదు" అని. లంబసింగికి చలి కోసం వెళ్లాలి, మేము ఆషాఢంలో వెళ్లాం. ఏదో తెల్లగా కమ్మి ఉంటే వేశాను. ఏడాది పోయాక బస్సులో చదివితే, "అది మంచు కాదు, టీ కొట్టు పొయ్యి పొగ" అని ఉంది. బస్సులో అంత గట్టిగా నవ్వినందుకు కండక్టరు వెనక్కి తిరిగి చూశాడు.

ఆ చదివింది రేవుపోలవరం సముద్రం చూడ్డానికి వెళ్లేటప్పుడు. ఆ ప్రయాణంలో వేసిందే పన్నెండో బొమ్మ.

ఆ రోజు వాన లేదు. అన్ని ఆషాఢాల్లోకీ అదొక్కటే ఎండ కాసిన రోజు. గొడుగు పని లేకపోయేసరికి ఆవిడ నా వెనక నిలబడలేదు. నీళ్ల దాకా నడిచి వెళ్లి, కెరటం వస్తే వెనక్కి గెంతుతూ, మళ్లీ ముందుకెళుతూ ఉంది. పదకొండేళ్లుగా నా వెనక ఉన్న మనిషి మొదటిసారి నా కళ్ల ముందు ఉంది. అప్పటికే సముద్రం వేసేశాను. నీలం బిళ్ల అడుగున రేకు కనపడుతోంది. ఉన్న రంగులతోనే ఆవిడని వేశాను, వీపు ఇటు తిరిగి, చీర కుచ్చెళ్లు చేత్తో ఎత్తి పట్టుకుని. ఉప్పునీళ్లతో వేశాను కదా, ఆరాక కాయితం మీద చిన్న చిన్న గరుకు పొక్కులు తేలాయి. వేలితో తడిమితే ఇసకలా తగిలేవి.

బొమ్మ చూపించాను. చాలాసేపు చూసింది.

"ఏటే, ఏమీ అనవు?"

"ఇంటికెల్లాక రాత్తాను లెండి."

రాసింది. పుస్తకంలో పెట్టి కుట్టాను. నియమం ప్రకారం చదవలేదు. ఆ మాఘంలో మూడు రోజుల జ్వరంతో ఆవిడ పోయింది.

తర్వాత రెండు ఆషాఢాలు వచ్చి వెళ్లాయి. బస్సెక్కలేదు కాబట్టి చదవలేదు. ఇంట్లో కూర్చుని చదివేయొచ్చు, ఎవరు అడ్డుకుంటారు? కానీ అది ఒక్కటే ఆవిడ నాకు ఇంకా చెప్పని మాట. చదివేస్తే ఇక చెప్పేది ఏమీ ఉండదు. ఈ ఏడు మాత్రం గట్టిగా అనుకున్నాను. ఒక్కణ్ణే రేవుపోలవరం బస్సెక్కి, కాంప్లెక్సు దాటాక తిప్పి చదవాలని.

సరిగ్గా అప్పుడే మాస్టారు అడిగారు.

మాస్టారంటే, కాలేజీ గ్రౌండులో పొద్దున్నే నడిచే పెద్దవాళ్ల సంఘానికి కార్యదర్శి. ముప్పై ఏళ్లు తెలుగు చెప్పి రిటైరయ్యారు. డాక్టరు నడవమన్నాక నేనూ ఆ సంఘంలో చేరాను. నడుస్తూ నడుస్తూ నా మాటలో తప్పు దొరికితే ఆగి మరీ దిద్దేవారు. "బేగి పదండి మాస్టారూ, ఎండెక్కిపోతంది" అంటే, "త్వరగా. త్వరగా అనండి, టైలరు గారూ" అనేవారు. అలా ఆగి చెప్పడంలో ఇంకాస్త ఎండెక్కేది.

"సంఘం వార్షికోత్సవంలో సభ్యుల కళలు ప్రదర్శిస్తున్నాం. మీలాంటి కళాకారుడి పుస్తకం ఇంట్లో ఉండిపోతే ఎలా?" అన్నారు.

నన్ను కళాకారుడని అంతకు ముందు ఎవరూ అనలేదు. నాకు ఛాతీ ఉబ్బింది. దాచుకోవడం దేనికి, ఇచ్చేశాను. వెనక మా ఆవిడ రాతలున్నాయనీ, చివరిది నేను కూడా చదవలేదనీ చెప్పాల్సింది. సిగ్గేసి చెప్పలేదు. అది నా తప్పు, ఒప్పుకుంటున్నాను. తక్కినదంతా ఆయనదే.

వార్షికోత్సవం రోజు హాల్లోకి వెళ్లేసరికి పలకలు దారాలతో వేలాడుతున్నాయి. ఫ్యాను గాలికి తిరుగుతున్నాయి. అటు తిరిగితే తాండవ, ఇటు తిరిగితే కొండకర్ల. మొదట నాకు అర్థం కాలేదు. దగ్గరికెళ్లి చివరి పలక పట్టుకుని తిప్పాను. సముద్రం వెనక లంబసింగి పొగ ఉంది. మళ్లీ తిప్పాను. మళ్లీ సముద్రమే. పెన్సిల్ రాత ఎక్కడా లేదు. ఉప్పు గరుకు కూడా లేదు, గాజులా నున్నగా ఉంది.

"ఏటి మాస్టారూ ఇది?"

"వందేళ్లు చెక్కు చెదరవు, టైలరు గారూ! నీళ్లలో పడేసినా ఏమీ కాదు."

"నీళ్లతోనే వేశానండి నాను."

ఆయన నేను చమత్కారం ఆడాననుకున్నారు. మైకు దగ్గరికెళ్లి ఆ మాట అందరికీ చెప్పేశారు. చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలోనే శాలువా కప్పారు. దారాలు విప్పి ఆరు పలకలూ నా చేతిలో పెట్టారు.

ఇంటికొచ్చి నా పనిముట్లు తీశాను. ముందు తాండవ, కొండకర్ల ఉన్న పలక అంచు కత్తెరతో కోసి, మెల్లగా ప్లాస్టిక్కు లాగాను. తామరపూలు ప్లాస్టిక్కుతో పాటే పైకి లేచి వచ్చేశాయి. కాయితం మీద తెల్లటి మచ్చ మిగిలింది. రెండు కాయితాల మధ్య జిగురు రాయిలా ఉంది. అక్కడితో ఆపేశాను. చివరి పలకని ట్యూబులైటుకి అడ్డం పెట్టి చూశాను. పొగా సముద్రమూ కలిసిపోయి కనిపించాయి. ఆవిడ పెన్సిలు ఎప్పుడూ నొక్కి రాసేది కాదు.

ఎందుకిలా చేశారని మాస్టారికి ఉత్తరం రాశాను. ఆయన ఇల్లు రెండు వీధుల అవతలే. అయినా పోస్టులోనే వేశాను, నోటిమాటగా పోకుండా. జవాబుగా ఫోన్లో రెండు చేతులు జోడించిన బొమ్మా, ఒక గులాబీ పువ్వూ, కింద శుభోదయమూ వచ్చాయి. శుభోదయమట! రెండో ఉత్తరానికి అదీ రాలేదు. పైగా ఆయన నడకకి రావడం మానేశారు. సాయంత్రాలు నడుస్తున్నారని తెలిసింది.

చివరికి లామినేషన్ షాపుకే వెళ్లాను. అక్కడ మిషను దగ్గర కూర్చునే అమ్మాయిని అడిగాను, "ఇలగ అంటించింది నువ్వేనా తల్లీ?" అని.

"అయ్యో, నాను కాదు తాతగారూ. ఒక్కోటీ ఇడిగా సేసేత్తానంటే మాస్టారుగారే వద్దన్నారు. జిగురు డబ్బా తీసుకుని అదిగో ఆ బెంచీ మీద కూకున్నారు. ఒక్కోటీ తిరగేయడం, సదవడం, నవ్వడం. ఒకటే నవ్వు."

"సదివేరా?"

"అన్నీ సదివేరు. ఆఖరిదానికి మాత్రం నవ్వలేదండి. అలాగ పట్టుకునే కూకున్నారు, పోయిన కరెంటొచ్చింది సార్ అని నాను పిలిసేదాకా. అప్పుడు జిగురు రాసేరు."

నాకు ఒళ్లు మండిపోయింది. తెలియక చేశారనుకున్నాను ఇన్నాళ్లూ. చదువుకున్నవాళ్లకి కాయితం వెనక్కి తిప్పి చూసే అలవాటు ఉండదులే అని సర్దిచెప్పుకున్నాను. చదివాడు. మా ఆవిడ నాకు రాసిన మాట నాకంటే ముందు చదివి, దాని మీద జిగురు పూశాడు. ఇక్కడ నేను గారు పెట్టను.

మూడో ఉత్తరం చిన్నది. "వెనక ఏముందో చూసి అంటించారా, చూడకుండా అంటించారా? పన్నెండోది నేను చదవలేదు. చదవకుండా దాచుకున్నాను. అది ఈ లోకంలో మీరొక్కరే చదివారు. మీకు గుర్తుందా, లేదా? ఈ రెండింటికీ జవాబు కావాలి. గులాబీ పువ్వు వద్దు."

మూడు వారాలు గడిచాయి. ఆషాఢం వచ్చేసింది. పోస్టులో కవరు వచ్చింది, మందంగా. చిరునామా చూడగానే తెలిసింది, నల్లబల్ల మీద రాసినట్టు గుండ్రటి అక్షరాలు. ఇంట్లో చింపలేదు. మర్నాడు పొద్దున్న గొడుగూ, రంగుల పెట్టే, ఒక కాయితం సంచిలో వేసుకుని కాంప్లెక్సుకి వెళ్లి అడ్డరోడ్డు బస్సెక్కాను. అక్కడ దిగితే రేవుపోలవరానికి ఆటో దొరుకుతుంది. కిటికీ పక్క సీటులో కూర్చున్నాను. బస్సు కాంప్లెక్సు దాటి మలుపు తిరిగింది. "ఇప్పుడు సదవండి" అనే మనిషి లేదు కాబట్టి, నాకు నేనే అనుకుని, కవరు చింపాను.

"టైలరు గారికి,

చూసే అంటించాను. మీ ముఖం చూడలేక నడక వేళ మార్చుకున్నాను.

ఆవిడగారు ప్రతి బొమ్మ వెనకా మిమ్మల్ని వేళాకోళం చేశారు. చదువుతున్నంతసేపూ నవ్వాను. ఇవి హాల్లో వేలాడితే ఊళ్లో వాళ్లందరూ చదువుతారని అప్పుడు తోచింది. శాలువా కప్పే రోజున భార్య మాటలు చదివి మిమ్మల్ని చూసి నవ్వుతారేమో, మీ పరువు ఏమవుతుందో అనుకున్నాను. అందుకే జిగురు నేనే రాశాను. మంచి పని చేశాననే అనుకుంటూ ఇంటికి వెళ్లి మా ఆవిడతో చెప్పాను. 'ఆవిడ మాట మూసెయ్యడానికి మీరెవరండీ?' అంది. నలభై ఏళ్లలో మా ఆవిడ నన్ను నిలదీసి అడగడం అదే మొదలు. మీ మొదటి ఉత్తరానికి అందుకే జవాబు రాయలేకపోయాను.

జిగురు వదలదట, కనుక్కున్నాను. తక్కిన పదకొండూ నాకు ముక్కలుగానే గుర్తున్నాయి, అవి మీకే బాగా తెలుసు. పన్నెండోది మాత్రం అక్షరం పోకుండా గుర్తుంది. ఇలా రాశారు:

'ఇన్నాళ్లకి బొమ్మలో నేనున్నాను. కానీ ఆ రోజు నేను కట్టింది నీలం చీర. నీలమంతా సముద్రానికే అయిపోయి నాకు ఆకుపచ్చ మిగిలింది. వచ్చే ఏడు ముందు నన్ను వేసి, మిగిలినదాంతో సముద్రం వెయ్యండి.'

ముప్పై ఏళ్లు తెలుగు పేపర్లు దిద్దినవాణ్ణి. ఇందులో దిద్దడానికి నాకేమీ కనబడలేదు."